దుకాణం ఎవరి పేరు మీద

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాన్న, నేను కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ గదిలో ఉంటున్న ఆసుపత్రి లాండ్రీ పనివాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న పక్క మంచం అక్కకు కూడా నమస్కారం. అక్కా, పోయినసారి అమ్మ చెబుతుంటే మీరు రాసిన ఉత్తరం అందింది. ఆవిడ చెప్పినదంతా రాశారో, కొంత మీరే మర్యాదగా మార్చారో తెలియదు. నేను రాసినది మాత్రం ఒక్క ముక్క వదలకుండా చదవండి. చివరికి వచ్చేసరికి కొంచెం నిదానించండి.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావమ్మా. ఫోన్ తీస్తే నాన్న పక్కకొచ్చి కూర్చుంటాడు. నేను ఏది చెప్పినా నువ్వు "సరేలే, సరేలే" అని, వెంటనే "ఏం వండావు" అని అడుగుతావు. ఇది అలా తేలిపోయే సంగతి కాదు. ఒకసారి విని, పని చేసుకుంటూ ఆలోచించుకుని, మళ్ళీ ఇంకోసారి చదివించుకోవలసింది.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. నాన్న మోకాలు అలాగే ఉంది. బస్సు దిగేటప్పుడు ఒక చేత్తో తలుపు పట్టుకుని, బడి పిల్లలు చూడకుండా కాలు కిందికి దించుతాడు. డాక్టరు పట్టీ వేసుకోమన్నాడు. "పట్టీ వేసుకుంటే డ్రైవరు ముసలాడైపోయాడని పిల్లలు పాట కడతారు" అని దాన్ని సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాడు. వంటింటి కుళాయి బాగు చేయించాను. కిటికీకి నువ్వు కుట్టిన తెర ఇంకా చిరగలేదు. నేను చిక్కిపోలేదు. చిక్కిపోయానని నీకు చెప్పినవాళ్ళెవరో నాకు తెలుసు, ఆవిడ అందరి గురించీ అలాగే చెబుతుంది.

ఇక మనం పెట్టబోయే లాండ్రీ దుకాణం సంగతి. నీలం బోర్డు లాండ్రీ కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. ఎంత ఎండలోనూ టై విప్పడు కాబట్టి నాన్న అతనికి "టై గారు" అని పేరు పెట్టాడు. ఎదురుగా మాత్రం "సార్" అంటాడు. అతనూ నాన్నని "సార్" అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు సార్ సార్ అనుకుంటూ ముందుగదిలో కూర్చుంటే, ఎవరు ముందు కాఫీ అందుకుంటారో తేలక నేను కప్పులతో అలా నిలబడే ఉన్నాను. ఈసారి అతను ఒప్పందం నకలు, దానితోపాటు కంపెనీ వివరాల పుస్తకం ఇచ్చాడు. కంపెనీ ఎవరిది, దాని మీద కేసులేమైనా ఉన్నాయా, ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి, మనం పెట్టవలసిన ఖర్చులేమిటి, అన్నీ అందులో ఉన్నాయి. అది తీరిగ్గా చదువుకునే వ్యవధి ఇచ్చాకే సంతకం అడగాలట. నేను పని నేర్చుకుంటున్న ఆఫీసులో వకీలు మేడమ్ ఆ పుస్తకం తిరగేసి, "తొందరపెడితే అక్కడే ఆగిపో" అన్నారు. టై గారు తొందరపెట్టలేదు. ఉన్న మాట చెప్పాలి.

డబ్బు కట్టాక దుకాణం మనదేనా అని అడిగావు. సగం మనది. మిషన్లు, బల్లలు, అద్దె, కరెంటు బిల్లు, పనివాళ్ళ జీతాలు, ఎవరి చొక్కా అయినా కాలితే పడే తిట్లు మనవి. పేరు, రంగు, పని చేసే పద్ధతి వాళ్ళవి. వాటిని కొన్నేళ్ళు వాడుకోనిస్తారు. ఆ గడువు తీరాక కొనసాగాలంటే మళ్ళీ వాళ్ళు ఒప్పుకోవాలి. ఇది చదివి వినిపిస్తే నాన్న, "అయితే నా బస్సు లాంటిదే. స్టీరింగు నాది, బస్సు మీద పేరు బడిది" అన్నాడు. "తేడా ఏంటంటే నాన్నా, ఇక్కడ బస్సు కూడా నువ్వే కొనాలి" అన్నాను. కాసేపు ఆలోచించి, "డీజిలు కూడానా?" అన్నాడు.

వాళ్ళ వాటా లాభంలోనా అన్నావు. లాభంలో అయితే గొడవే లేదు. అమ్మకంలో తీసుకుంటారు. అంటే గల్లాలో ఏది పడినా అందులోంచి వాళ్ళ వంతు ముందు పక్కకు తీయాలి. నెలాఖరుకి మనకు ఏమీ మిగలకపోయినా వాళ్ళది వాళ్ళకు వెళ్ళాల్సిందే. దానికి తోడు ప్రకటనల ఖర్చని ఇంకొంత. ఆ ప్రకటనలు మన వీధిలో వేస్తారా అంటే, ఎక్కడ వెయ్యాలన్నది వాళ్ళ ఇష్టమట.

సబ్బు కూడా అంతే. నీకు చేతి అలవాటున్న సబ్బుపొడి వాడనివ్వరు, వాళ్ళు చెప్పిన చోటే కొనాలి. అన్ని దుకాణాల్లో పని ఒకేలా ఉండాలంటారు, అది సబబే. కానీ రేపు ధర ఇష్టం వచ్చినట్టు పెంచితే? మేడమ్ ఆ చోట పెన్సిలుతో గీత గీశారు. బయట దొరికే అదే రకం సరుకు కంటే మరీ ఎక్కువ ఉండకూడదని ఒక వాక్యం చేర్చమని అడిగించారు. టై గారు పై ఆఫీసుకి ఫోన్ చేసి, కాసేపు గుమ్మంలో అటూ ఇటూ తిరిగి, సరేనన్నాడు. అచ్చేసి ఇచ్చిన ఒప్పందాన్ని మార్చమని అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదమ్మా. అచ్చులో ఉంటే అయిపోయినట్టే అనుకుంటాం మనం.

దుకాణానికి బస్టాపు దగ్గర చెప్పుల షాపు ఖాళీ చేసిన గది చూశాం. ముందు వెడల్పాటి అద్దం, వెనక మిషన్లకు సరిపడా చోటు, నీళ్ళకు ఇబ్బంది లేదు. గది యజమాని కొద్దికాలానికే అద్దె రాసిస్తానన్నాడు. కంపెనీ గడువేమో అంతకు రెట్టింపు. మధ్యలో ఆయన ఖాళీ చేయమంటే మనం కంపెనీ మాట తప్పినట్టవుతుంది. రెండు గడువులూ ఒకచోట ముగిసేలా రాయండని అడిగితే, "అద్దెకిస్తున్నానా, అల్లుణ్ణి తెచ్చుకుంటున్నానా? అన్నేళ్ళకి మాటివ్వమంటున్నావ్" అన్నాడు. నాన్న, "అల్లుడైతే అద్దె కట్టడు కదండీ" అనేసరికి మెత్తబడ్డాడు.

మన పేరు బోర్డు మీద ఉంటుందా అని కూడా అడిగావు. ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, కింద చిన్న అక్షరాల్లో, ఈ దుకాణాన్ని సొంత బాధ్యతతో నడుపుతున్నది ఫలానావారు అని. బట్ట పాడైనా, బాకీ పడ్డా కంపెనీని కాకుండా ఈ మనిషిని అడగాలని జనానికి తెలియడానికి. నాన్నకు అందులో గౌరవమే కనిపించింది. వేళ్ళు చాపి గోడ మీద కొలిచి, "ఇంతుంటాయా అక్షరాలు?" అన్నాడు. ఆ ఫలానావారు ఎవరు అన్నదే అమ్మా, ఈ ఉత్తరమంతా.

వివరాల పుస్తకంలో ఇప్పుడు దుకాణాలు నడుపుతున్నవాళ్ళ చిరునామాలు కూడా ఉంటాయి. వెళ్ళి ఎవరినైనా అడగొచ్చు. టై గారు ఒకాయన దగ్గరికి వెళ్ళమన్నాడు. మేడమ్, "అతను చెప్పని చోటికి వెళ్ళు" అన్నారు. నాన్న సెలవు రోజున ఇద్దరం ఇంకో పేటలో ఉన్న ఒకావిడ దగ్గరికి వెళ్ళాం. అద్దం తలుపు తోయగానే ఆవిరి వేడి మొహానికి కొట్టింది. బల్ల వెనక ఆవిడ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని కాలరు ఇస్త్రీ చేస్తోంది.

"కొనడానికొచ్చారా, ఉతికించడానికొచ్చారా?" అంది తలెత్తకుండానే.

"తెలుసుకోడానికండి" అన్నాడు నాన్న.

"అయితే కూర్చోండి. అది ఊరికే వస్తుంది."

పనాపకుండానే అన్నీ చెప్పింది. "పేరు చూసి జనం వస్తారండి, అది కాదనను. నేను సొంతంగా పెట్టుకునుంటే ఇందులో సగంమంది కూడా తలుపు తోసేవాళ్ళు కాదు. మిషన్ ఆగితే మనిషిని పంపిస్తారు. కానీ చొక్కా ఎలా మడవాలో వాళ్ళ పుస్తకంలో ఉంటుంది. వచ్చినవాళ్ళని చూసి నవ్వాలని కూడా ఉంటుంది."

"నవ్వకపోతే?"

"తనిఖీకొచ్చినవాడు రాసుకుపోతాడు. పోయినసారి నాకు పన్నునొప్పి. దవడ వాచిపోయిందయ్యా అంటే, 'ఫారంలో అది వేరే కాలమ్ మేడమ్' అన్నాడు."

నాన్న నవ్వీ నవ్వీ దగ్గాడు. మీ పరిధిలో కంపెనీ ఇంకో దుకాణం తెరవకూడదని రాయించుకున్నారా అని నేనడిగాను.

"రాయించుకున్నానమ్మా. వాళ్ళూ తెరవలేదు. ఫోన్లో ఆర్డర్లు తీసుకుని, వ్యాన్ పంపించి, మా వీధి బట్టలు నా గుమ్మం ముందు నుంచే పట్టుకుపోతున్నారు. దుకాణం కాదు కదా అంటారు. నువ్వు వ్యాన్ సంగతి కూడా రాయించుకో."

రాయించుకున్నాం. ఏయే వీధులో పేర్లతో సహా.

లేవబోతుంటే ఆవిడ, "ఇంతకీ దుకాణంలో రోజంతా ఎవరుంటారు?" అంది. నాన్న నన్ను చూపించాడు. "మా అమ్మాయి. చదువుకుంది. పేరు కూడా తనదే పెడుతున్నాం."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి నన్ను పరకాయించి చూసింది. "ఇప్పుడేం చేస్తున్నావమ్మాయ్?"

"వకీలు గారి దగ్గర పని నేర్చుకుంటున్నానండి."

"అది మానేస్తున్నావన్నమాట."

"లేదండి. పొద్దున, సాయంత్రం వచ్చి చూసుకుంటాను."

"ఒప్పందంలో స్వయంగా అని ఒక మాటుంటుంది. ఇంటికెళ్ళాక చూసుకో" అంది.

ఉంది. సంతకం పెట్టినవారు తమ పూర్తి సమయం దుకాణానికే ఇచ్చి స్వయంగా నడపాలని, గడువు ముగిసేదాకా వేరే ఉద్యోగం గానీ వృత్తి గానీ చేయకూడదని. అంతకుముందు కూడా ఆ పేరా నా కళ్ళ ముందు నుంచి వెళ్ళింది. మనింట్లో కాగితమంటే నాదే కదమ్మా. గ్యాసు, ఫోను, కరెంటు, ఏదొచ్చినా రాయగలిగేదాన్ని నేనొక్కదాన్నే గనక నింపేది నేను, నింపేది నేను గనక పేరూ నాదే. ఎవరూ అనుకుని చేసింది కాదు, అలవాటైపోయింది. దుకాణం కూడా ఆ వరసలోనే వచ్చి నా పేరు మీద కూర్చుంది.

మర్నాడు మేడమ్ ఆ పేరా నా చేత పైకి చదివించారు.

"ఎవరీ మనిషి?"

"నేనే మేడమ్."

"మరి వకీలు పరీక్ష ఎవరు రాస్తారు?"

"నేనే."

"పాసయ్యాక నా పక్క కుర్చీలో?"

ఆవిడ ఫైలు తిప్పుకుంటూ, "వద్దని చెప్పను. ఒక మనిషి రెండు చోట్ల నిలబడతానని రాసిస్తే, ఒకచోట అబద్ధం రాసిచ్చినట్టు. తెలిసి రాసివ్వకు" అన్నారు.

ఆదివారం నాన్న బడి ఆవరణలో బస్సు కడుగుతుంటే గొట్టం పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. అక్కడ చెప్పాను.

"నాన్నా, దుకాణం నా పేరు మీద వద్దు."

బకెట్లో గుడ్డ పిండుతూ, "ఎందుకమ్మా, బోర్డు మీద బాగుండదా?" అన్నాడు.

"నా పేరుంటే నేను వకీలు పని చేయకూడదు. గడువు తీరేదాకా."

"ఎవడొచ్చి చూస్తాడు? పొద్దున తాళం తీసి నీ పనికి నువ్వెళ్ళు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నేను కూర్చుంటా."

"పన్నునొప్పిని రాసుకుపోయినవాళ్ళు మనిషి లేకపోతే రాసుకోరా?"

ఈసారి నవ్వలేదు. "నీకంటూ ఒకటుండాలనే కదా ఇదంతా. మా దగ్గర ఇవ్వడానికింకేముంది? నీ పేరు పెడితే నీదవుతుంది."

"నాదవుతుంది నాన్నా. నేనూ దానిదాన్నైపోతాను."

తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. ఆ రోజంతా నాతో అవసరమైనంతే మాట్లాడాడు. తర్వాత తనే వచ్చి, "మరి ఎవరి పేరు?" అన్నాడు. తన పేరు పెట్టాలంటే బస్సు మానాలి. దుకాణం నిలదొక్కుకునేదాకా ఆ జీతం లేకపోతే ఇల్లు గడవదు. పైగా, "బట్టల గురించి నాకేం తెలుసే, విప్పి పడెయ్యడం తప్ప" అన్నాడు. అది నీకు తెలిసిన నిజమే.

అక్కా, ఇక్కణ్ణుంచి నిదానంగా చదవండి.

అమ్మా, పోయిన ఉత్తరం చివర "సంతకం పెట్టేశావా" అని అడిగావు. పెట్టలేదు. టై గారిని పిలిచి నేను పెట్టనని చెప్పేశాను. చెప్పి, కంపెనీకిచ్చే దరఖాస్తులో నా పేరు కొట్టేసి నీ పేరు రాశాను.

రాస్తున్నప్పుడు నాకు తప్పనిపించలేదు. సంతోషమే వేసింది. నువ్వు ఇంటికొచ్చేస్తావు, నీ దుకాణంలో నువ్వుంటావు అనుకున్నాను. టై గారు తటపటాయించాడు. "ఆవిడకి చదవడం రాదన్నారు కదండీ, ఒప్పందం ఎలా?" అన్నాడు. చదవడం రానివాళ్ళు కూడా ఒప్పందం చేసుకోవచ్చని, తెలిసిన భాషలో మొత్తం చదివి వినిపించి, అర్థమయ్యాకే వేలిముద్ర వేశారని కింద రాసి, చదివినవారూ సాక్షులూ సంతకం చేయాలని మేడమ్ దగ్గర నేర్చుకున్నది చెప్పాను. ఆసుపత్రి లాండ్రీలో నీ అనుభవం గురించి చెప్పాను. అతను పైవాళ్ళను అడిగి ఒప్పుకున్నాడు. శిక్షణకు మాత్రం నువ్వే రావాలి, అందులో నువ్వే నెగ్గాలి. అతను వెళ్ళాక, "అమ్మకి ఫోన్ చేసి అడుగుదామా?" అన్నాను నాన్నతో. "అడిగేదేముంది? మీ అమ్మ ఎప్పుడు కాదంది?" అన్నాడు.

నిన్ను మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. నువ్వు కాదన్న సందర్భం ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామని చూశాను. దొరకలేదు. తర్వాత, నిన్ను మేం అడిగిన సందర్భం కోసం వెతికాను. అదీ దొరకలేదు. ఆసుపత్రి ఉద్యోగం కబురు మామయ్య తెచ్చాడు. టికెట్టు నాన్న కొన్నాడు. ఫారం నేను నింపాను. నువ్వు పెట్టె సర్దుకున్నావు.

నాన్న నాకు చేసిందే నేను నీకు చేశానమ్మా. ఇద్దరం ప్రేమతోనే పేరు రాశాం, రాసి మురిసిపోయాం. నేను చదవగలను గనక కాదనగలిగాను. నీకు ఎవరూ చదివి కూడా వినిపించలేదు. అందుకే ఇంత ఉత్తరం.

పోయిన ఉత్తరంలో ఒక చోట, ఇస్త్రీ హాలు మొత్తం నీ అజమాయిషీకి ఇచ్చారని ఉంది. మొదటి రోజు నువ్వు గొంతు పెంచితే హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయిందని, గదికి తిరిగొచ్చాక దాన్ని నువ్వే చేసి చూపించి అందరినీ నవ్వించావని. నువ్వు చెప్పి రాయించావో, అక్కే కలిపిందో. మొదట చదివినప్పుడు బాగుందే అనుకుని ఊరుకున్నాను. నీ గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు. నువ్వు అక్కడ ఇంటి మీద బెంగతో రోజులు గడుపుతున్నావనే ఇన్నాళ్ళూ నమ్మాను. అక్కడ నీకు బాగుందేమో అన్న ఆలోచన నాకు రానే లేదు.

కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. దరఖాస్తు అంటే ఒప్పందం కాదు. వెనక్కి తీసుకుంటే దానితోపాటు కట్టిన డిపాజిట్టు తిరిగొస్తుందని అందులోనే ఉంది, మేడమ్ కూడా చూశారు. ఒప్పందం మీద నువ్వు వేలిముద్ర వేశాక మాత్రం అంత తేలిక కాదు. గడువు తీరేదాకా పొద్దున్నే తాళం తీయాలి, నీకు నచ్చని సబ్బు వాడాలి, వాళ్ళు చెప్పినట్టు మడవాలి, నవ్వాలి. మధ్యలో వదులుకోవాలంటే వాళ్ళు ఒప్పుకున్న మనిషికే అమ్మాలి. వదిలేశాక కూడా కొంతకాలం ఈ చుట్టుపక్కల సొంతంగా లాండ్రీ పెట్టకూడదు. నష్టమొస్తే పేరున్న మనిషినే పట్టుకుంటారు. వాళ్ళు హామీగా అడిగిన ఇంటిని మాత్రం అందులోంచి తీయించాం, అంతవరకు నా చేతనైంది. ఇక్కడికొస్తే నీ పైన తనిఖీవాడు తప్ప ఇంకెవరూ ఉండరు. సాయంత్రం తాళం వేసుకుని నడిచి ఇంటికొస్తావు. అక్కడైతే నెల తిరిగేసరికి జీతం, నీ మాట వినే మనుషులు, పక్క మంచం మీద కబుర్లకు అక్క. ఏది మంచిదో నేను తేల్చను. నాకు నువ్వు రావాలనే ఉంది, దాచడమెందుకు. అది నా కోరిక. దాన్ని నీ నెత్తిన పెట్టుకోకు.

నువ్వు వద్దంటే దుకాణం మళ్ళీ నా పేరు మీదికి వస్తుందని భయపడకు. నా మీద జాలితో అవుననకు. నేను పెట్టనన్నది నీ జవాబుని బట్టి మారేది కాదు. నాన్నతో నేను మాట్లాడతాను. ఒక పూట అలుగుతాడు, బస్సు మెరిసిపోతుంది, అంతే.

నీకు తోచినంత సమయం తీసుకో. టై గారికి ఆగమని చెప్పాను, ఆగుతానన్నాడు. జవాబు ఫోన్లో మాత్రం చెప్పొద్దు, నాన్న గొంతు వినగానే సరేలే అంటావు. అక్క చేత రాయించు. వద్దనుకుంటే వద్దు అన్న ఒక్క మాట చాలు, కారణం రాయించక్కర్లేదు. అవునంటే మాత్రం ఎందుకో రాయించు.

ఇట్లు,
నీ కూతురు